గడియ మీద రెండక్షరాలు

కొండ మీది పటాలం, ఆయుధశాల
జూన్ 6

మరదలికి,

ఇక్కడ అందరం క్షేమం, కమాండెంటుగారి టీ కెటిల్ తప్ప. దాని సంగతి తర్వాత చెప్తాను.

మీ ఫ్యాక్టరీ పరీక్షకి పంపిన నలభై తుపాకులూ అందాయి. దేశం సొంతంగా చేసుకున్న మొదటి తుపాకీ అని పేపర్లలో అంత డప్పు కొట్టుకున్నారు కదా, పెట్టె మేకులు ఊడదీస్తుంటే పటాలం పటాలమంతా చుట్టూ మూగింది. చూశాం. బాగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. పాత పరాయి తుపాకీ నిలబెడితే నా గడ్డం దాకా వచ్చేది. ఇది బొడ్డు దాటదు. మావాళ్ళు అప్పుడే 'పొట్టిది' అని పేరు పెట్టేశారు. అయితే దాంతో పాటు ఇచ్చిన నూనె సీసా మూత తియ్యడానికి ఇద్దరు జవాన్లు కావాల్సి వస్తోంది. ఆ భుజం పట్టీ ఎవరి కొలతకి కుట్టారమ్మా, నీ కొలతకా? నా భుజం మీద వేసుకుంటే చంకలో ఇరుక్కుపోయింది.

ఇక కెటిల్. మా దగ్గర నాలాంటివాడే ఇంకో హవల్దారు ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఒక్క మచ్చ లేదు. కొత్త తుపాకీ కమాండెంటుగారికి చూపించమని అతనికి పురమాయించారు. ట్రిగ్గరు నొక్కినా పేలకుండా ఆపే చిన్న మీట ఉంటుంది చూడు, మేము గడియ అంటాం, అది పనిచేస్తుందో లేదో చూపించాలి. "కొయ్య తూటా వద్దు, అసలు తూటాతో చూపిస్తేనే నమ్ముతా" అన్నాడు కమాండెంటు. హవల్దారు తూటా పెట్టాడు, గొట్టం ఇసుక బస్తాల వైపు తిప్పాడు. గడియకి ఒక పక్క 'వే' అని, ఇంకో పక్క 'తీ' అని ఉంది. వాడే విధానం రాసిన పుస్తకం ఇంకా అచ్చులోనే ఉందట, పెట్టెలో లేదు. హవల్దారు నిబ్బరంగా 'తీ' వైపు తిప్పి, "ఇప్పుడు చూడండి సార్, ఎంత నొక్కినా పేలదు" అన్నాడు.

పేలింది. ఇసుక బస్తా అంచు చీల్చుకుని పోయి పక్క బల్ల మీది కెటిల్‌కి తగిలింది.

ఇప్పుడు విచారణ వేశారు. ఆగస్టులో తీర్పు. తప్పు అతనిదని తేలితే హోదా చారలు ఊడబీకి ఇంటికి పంపేస్తారు. గుర్తులదని తేలితే బతికిపోతాడు. నువ్వు గుర్తుల విభాగంలోనే కదా పనిచేసేది, ఆ 'వే', 'తీ' పెట్టిన మహానుభావుడెవరో కాస్త కనుక్కో. నలుగురిలో నిలబెట్టి దండ వెయ్యాలని ఉంది.

మీ అక్కని అడిగానని చెప్పు. నేను బాగా తింటున్నానని కూడా చెప్పు.

మీ బావ

*

తుపాకుల ఫ్యాక్టరీ, గుర్తుల విభాగం
జూన్ 19

బావగారికి,

భుజం పట్టీ నా కొలతకే కుట్టారు. మీ పొట్ట కొలతకి కుట్టాలంటే తోలు చాలలేదట.

మీ హవల్దారుగారి ఘనకార్యం చదివి మా విభాగమంతా కడుపు పట్టుకుని నవ్వింది. అయినా అందులో అర్థం కాకపోవడానికి ఏముంది బావగారూ? గడియ వేస్తే 'వే'. గడియ తీస్తే 'తీ'. ఇంటి తలుపుకి గడియ వేస్తే దొంగ రాడు, తుపాకీకి గడియ వేస్తే తూటా రాదు. మీ పటాలంవాళ్ళంతా ఏళ్ళ తరబడి దాన్ని గడియ అంటూనే ఉన్నారు కదా, గడియని ఏం చేస్తారో తెలీదా?

ఆ అక్షరాల వెనక ఎంత యుద్ధం జరిగిందో మీకేం తెలుసు. తుపాకీకి మంజూరిచ్చే పెద్దల సంఘం మొదట 'నిరపాయ స్థితి', 'ప్రయోగ సిద్ధ స్థితి' అని రాసిచ్చింది. గోరంత ఇనుము మీద అంత సంస్కృతం పట్టాలంటే తుపాకీని ఫిరంగి చెయ్యాలి. అప్పుడు ఇక్కడ ఎవరో ఒకరు 'వే', 'తీ' చాలు అన్నారు. సంఘం అధ్యక్షుడు బల్ల గుద్ది మరీ మెచ్చుకున్నాడు. ఆ ఎవరో ఒకరికి వచ్చే నెల విభాగం పెద్ద కుర్చీ ఇస్తారని కూడా చెప్పుకుంటున్నారు. కాబట్టి దండ మంచిది చూసి కొనండి.

ఇంకో తమాషా. మీ విచారణవాళ్ళు మా అభిప్రాయం అడుగుతూ కాగితం పంపారు. అందులో పేరు లేదు, పటాలం పేరూ లేదు, 'ఒక హవల్దారు' అని మాత్రం ఉంది. మీ ఉత్తరం చదివాను కనక మీవాడే అని నాకు తెలిసిపోయింది. మా పెద్దాయన జవాబు నన్నే రాయమన్నాడు. ఏం రాశానో వినండి: "మెలకువగా ఉన్న ఏ మనిషికైనా అర్థమయ్యే గుర్తులివి. లోపం తుపాకీలో లేదు, పట్టుకున్న చేతిలో ఉంది." మంచి వాక్యం కదూ? సంతకం పెట్టి నిన్ననే పంపించేశాను.

అక్క బడి నుంచి రాగానే మీ ఉత్తరం అడిగి తీసుకుంది. "ఈయన తిండి గురించి తనంతట తాను రాశాడంటే ఏదో ఉందే" అంటోంది. ఏదైనా ఉందా?

మీ మరదలు

*

కొండ మీది పటాలం, ఆయుధశాల
జూలై 3

మరదలికి,

మంచి వాక్యమే. నాలుగుసార్లు చదివాను.

నువ్వు అంత గట్టిగా చెప్పాక నాకూ అనుమానం వచ్చింది, తెలివితక్కువతనం ఆ హవల్దారు ఒక్కడిదేనా, లేక పటాలమంతా ఉందా అని. ఖాళీ తుపాకీ చంకన పెట్టుకుని, చంకన అంటే అక్షరాలా చంకనే, మీ పట్టీ ధర్మమా అని, రెండు రోజులు తిరిగాను. కనబడినవాణ్ణల్లా అడిగాను: "ఇది పేలకుండా ఎటు తిప్పుతావు?"

వంటవాడు తడుముకోకుండా 'తీ' వైపు తిప్పాడు. "దీపం వేస్తే వెలుగుతుంది, తీసేస్తే ఆరుతుంది. ఇదీ అంతే కదండీ" అన్నాడు. సామాన్ల గది చూసే ఆయన నీలాగే 'వే' వైపు తిప్పాడు. పొద్దస్తమానం తాళాలు వెయ్యడం, తియ్యడమే ఆయన పని. ఆసుపత్రి నర్సమ్మ ఫ్యాను వైపు చూసి 'తీ' అంది. గేటు దగ్గర కాపలావాడు గేటు వైపు చూసి 'వే' అన్నాడు. లారీ డ్రైవరు మాత్రం నన్ను నిలబెట్టి కడిగేశాడు. "బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, గేరు వేస్తే కదుల్తుంది. ముందు మీరు ఏది వేశారో చెప్పండి, అప్పుడు నేను చెప్తా" అన్నాడు. వాణ్ణి లెక్కలోంచి తీసేశాను. తీసేశాను అంటే పేలకుండా అనుకుంటావో, పేలేలా అనుకుంటావో నీ ఇష్టం.

మొత్తం ముప్పై రెండు మంది. 'వే' అన్నవాళ్ళు పదిహేను, 'తీ' అన్నవాళ్ళు పదిహేడు. తాళాలతో బతికేవాళ్ళంతా నీ పార్టీ, స్విచ్చులతో బతికేవాళ్ళంతా హవల్దారు పార్టీ. విచిత్రం ఏమిటంటే ఒక్కడు కూడా తటపటాయించలేదు. అందరూ మెలకువగానే ఉన్నారు.

పాత తుపాకీ మీద పరాయి భాష అక్షరం ఉండేది. అదేమిటో ఎవడికీ తెలీదు కనక ఎర్రచుక్క కనబడితే పేలుతుందని గుర్తుపెట్టుకుని పని కానిచ్చేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. మన భాష వచ్చింది, కెటిల్ పోయింది.

హవల్దారు బాగానే ఉన్నాడు. కాస్త నిద్ర తక్కువ. ఆ రోజు నుంచి ఎడమ చెవిలో గుయ్‌మని ఒకటే మోత.

అక్కతో ఏమీ లేదని చెప్పు.

మీ బావ

*

తుపాకుల ఫ్యాక్టరీ, గుర్తుల విభాగం
జూలై 15

హవల్దారుగారికి,

మీకు ఇక నుంచి ఇలాగే రాస్తాను. బావ అనేవాడైతే ఇలా చెయ్యడు.

విచారణవాళ్ళ దగ్గర నుంచి ఈ రోజు రెండో కాగితం వచ్చింది. 'మీ విభాగం అభిప్రాయం అందింది, ఫలానా తేదీన విచారణకి హాజరు కావలసినవారు వీరు' అని. మొదటి పేరు మీది. పటాలం మీది, హోదా మీది, సర్వీసు ఇరవై రెండేళ్ళు. 'నాలాంటివాడే ఇంకో హవల్దారు' అట. ఎంత బాగా పోలిక కుదిరిందండీ!

ఆ కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను. పక్క బల్ల ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మీరు అబద్ధమాడినందుకు కోపం వచ్చింది. నా వాక్యం చదివి కూడా చెప్పకుండా, మంచి వాక్యమే అని రాసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఒళ్ళు మండి సగం ఉత్తరం రాసి చింపేశాను కూడా. చింపేశాక నా అబద్ధం గుర్తొచ్చింది. అది కూడా చెప్పేస్తాను. ఆ 'ఎవరో ఒకరు' నేనే బావా. 'వే', 'తీ' నావే. కాగితం మీద నేనే రాశాను, అచ్చుకి నేనే గీశాను, మొదటి నలభై తుపాకుల మీదా నా చేత్తో నేనే చెక్కాను. పెద్ద కుర్చీ అన్నది కూడా నా గురించే. మీకు దండ గురించి రాస్తూ ఎంత మురిసిపోయానో.

మీ ముప్పై రెండు మంది లెక్క చదివినప్పుడు నవ్వి పక్కన పడేశాను. ఈ రోజు ఇంటికొచ్చి వంటింట్లో దీపం వేశాను. వేశాను. స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత వెళ్ళి తలుపు గడియ వేశాను. ఇన్నాళ్ళూ రోజూ చేస్తున్న పనే, ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇప్పుడు నా సంతకంతో మీ చారలు ఊడతాయి. నేను అభిప్రాయం వెనక్కి తీసుకుంటాను. మీ జవాబు రాగానే వెళ్తాను. అక్కకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీడం లేదు.

మరదలు

*

కొండ మీది పటాలం, ఆయుధశాల
జూలై 24

మరదలా,

తిట్లన్నీ అందాయి. ఒకటి కూడా పాడవకుండా వచ్చాయి, ప్యాకింగు బాగుంది.

ముందు నువ్వు ఏడుపు ఆపు. నీకు చెప్పకపోవడానికి ఒకటే కారణం, సిగ్గు. పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో తుపాకుల గురించి ఎన్ని కోతలు కోశానో నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటివాడు కెటిల్‌ని కాల్చాడంటే జన్మంతా ఏడిపిస్తావని భయపడ్డాను. ఇక నీ వాక్యం అందిన తర్వాత చెప్తే, నిన్ను దేబిరించినట్టు ఉంటుందనిపించింది.

నువ్వు వెనక్కి తీసుకోవద్దు. తీసుకున్నా పనికిరాదు. విచారణవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఆవిడ మీకేమవుతుంది?" మరదలు అని చెప్పగానే వాళ్ళు ముగ్గురూ ముసిముసిగా నవ్వుకుంటారు. బావని కాపాడుకోడానికి మాట మార్చిందంటారు. నా చారలూ పోతాయి, నీ కుర్చీ కూడా పోతుంది. ఒక ఇంట్లో రెండు ఉద్యోగాలు ఒక కెటిల్ కోసం పోగొట్టుకోవడం దేనికి? నాకేం, చేతిలో పనుంది. కుట్టు మిషన్లు బాగుచేసుకుని బతుకుతాను. తప్పు నాది కూడా ఉంది. పుస్తకం వచ్చేదాకా చూపించనని కమాండెంటుతో అనాల్సింది. అనలేదు, కొత్త తుపాకీ కదా, చూపించాలని నాకూ ఉబలాటమే.

అయితే ఒక సంగతి నీకు రాయలేదు. అది రాయకపోతే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఆ రోజు కెటిల్ ఉన్న బల్ల దగ్గర కమాండెంటుగారి గుమాస్తా ఉన్నాడు. కెటిల్ అందుకోడానికి వంగాడు. కెటిల్‌కీ అతని పొట్టకీ మధ్య జానెడు. పేలిన తర్వాత వేడి టీ చొక్కా నిండా పడితే, అది నెత్తురనుకుని కూలబడిపోయాడు. నేనూ అలాగే అనుకున్నాను. తుపాకీ కింద పెట్టి అతని చొక్కా విప్పి చేత్తో తడిమి తడిమి చూశాను. టీయే. ఇద్దరం నేల మీద కూర్చుని పిచ్చివాళ్ళలా నవ్వాం. రోజూ కళ్ళు మూసుకుంటే ఆ చొక్కాయే కనబడుతుంది.

మంజూరైతే ఇలాంటివి నలభై వేలు చేస్తారట కదా. నా కోసమైతే నువ్వు ఏమీ చెయ్యొద్దు. ఆ మిగతాదాని గురించి నాకేం తోచడం లేదు, నువ్వే ఆలోచించు.

అక్కకి నేనే విడిగా రాశాను. ఈ పాటికి నీ గదిలోకి వచ్చి ఉంటుంది.

నీ బావ

*

తుపాకుల ఫ్యాక్టరీ
ఆగస్టు 5

బావా,

అక్క వచ్చింది. మీ ఉత్తరం చివరిదాకా చదివి, "ఇద్దరికిద్దరూ సరిపోయారు, మధ్యలో నేనొకదాన్ని పిచ్చిదాన్ని" అని నన్ను ఒకటి వీపు మీద చరిచింది. మీకు రావాల్సింది కూడా నాకే పడింది. తర్వాత కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, "ఏం చేస్తావో చెయ్యి, మళ్ళీ మాత్రం వాక్యాలు రాయకు" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్ళాను. మొన్న సంఘం కూర్చుంది, పొట్టిదానికి ఆఖరి మంజూరు ముద్ర వెయ్యడానికి. నా పని బయట కుర్చీలో కూర్చుని పిలిస్తే వెళ్ళడం. పిలవకుండానే వెళ్ళాను. చేతిలో ఖాళీ తుపాకీ. లోపల అధ్యక్షుడితో కలిపి ఆరుగురు, ఆయన బల్ల చివర.

"ఆ పటాలంలో తుపాకీ పేల్చిన హవల్దారు మా బావ" అన్నాను. "నా సొంత అక్క మొగుడు. కాబట్టి నేను చెప్పే మాట ఒక్కటి కూడా నమ్మకండి. ఆ అక్షరాలు పెట్టింది కూడా నేనే, కాబట్టి నేను రాసిన అభిప్రాయం అసలు నమ్మకండి. తుపాకీ పట్టుకుని పేలకుండా గడియ తిప్పండి చాలు. ఎటు తిప్పారో కాగితం మీద రాసి మడిచి పెట్టండి."

తుపాకీ బల్ల మీద పెట్టాను.

ఒకాయన ఇదేం పిల్లాటలు అని విసుక్కున్నాడు. అధ్యక్షుడు మాత్రం, "దానికేముంది, ఇలా తే" అని చెయ్యి చాపాడు. అక్షరాలు మంజూరు చేసిన మనిషి కదా, ధీమా. తుపాకీ ఆరు చేతులూ మారింది. ఎవ్వరూ క్షణం తడబడలేదు. కాగితాలు విప్పాం. నలుగురు 'వే', ఇద్దరు 'తీ'. ఆ ఇద్దరిలో ఒకరు అధ్యక్షుడు.

గదిలో ఎవరూ నవ్వలేదు బావా. ఆయన గడియని మళ్ళీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను ఆ రోజు బల్ల గుద్దింది ఇది అనుకునేనా?" అని తనలో తనే అన్నాడు. పాపం అనిపించింది.

ఆ తర్వాత గంటసేపు కొత్త అక్షరాల వేట. నేను 'ఆ' అంటే ఆగు అన్నాను. ఒకాయన "ఆఁ అంటే సరే కదా" అన్నాడు. ఇంకొకాయన 'వ' అంటే వద్దు అన్నాడు. వదులు కూడా 'వ'యే అని నేనే అన్నాను. చివరికి అక్షరాలే వద్దన్నారు. పేలే వైపు ఎర్రటి గుంట, పేలని వైపు నున్నగా. వేలితో తడిమితే చీకట్లో కూడా తెలుస్తుంది. అది గీసింది పనిముట్ల విభాగంలో ఒక ముసలాయన. విభాగం పెద్ద కుర్చీ కూడా ఆయనకే ఇచ్చారు. న్యాయమే. నాకు కష్టంగా ఉంది, అది కూడా రాస్తున్నాను. అప్పట్నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు.

ఆరు కాగితాలూ, ఆరు సంతకాలతో, మీ విచారణకి పంపించారు. అందులో నా సంతకం లేదు. నేను పెట్టనన్నాను.

మీ మరదలు

*

కొండ మీది పటాలం, ఆయుధశాల
ఆగస్టు 21

మరదలా,

చారలు ఉన్నాయి. ముందు అది చదువుకుని అక్కకి వినిపించి, తర్వాత మిగతాది చదువు.

విచారణ గదిలో మొదట నీ వాక్యం చదివారు. మెలకువగా ఉన్న ఏ మనిషికైనా, అని గట్టిగా, స్పష్టంగా. నేను తల దించుకున్నాను. తర్వాత ఆరు కాగితాలూ ఒక్కొక్కటే చదివారు. అధ్యక్షుడి సంతకం దగ్గరికి వచ్చేసరికి చదివేవాడి గొంతు సగానికి తగ్గిపోయింది. గుమాస్తాని పిలిచి, ఏమైనా చెప్తావా అని అడిగారు. "ఈయన ఆ రోజు నా చొక్కా విప్పి చూశాడండీ, నా మీద ఈయనకి పగేమీ లేదు" అన్నాడు. తప్పు గుర్తులదని రాశారు. పుస్తకం లేకుండా అసలు తూటా పెట్టినందుకు నాకో చీవాటు, పెట్టమన్నందుకు కమాండెంటుగారికి ఇంకో చీవాటు. ఇద్దరం ఒకే కాగితం మీద ఉన్నాం. పొద్దున ఎదురుపడితే ఆయనే ముందు నమస్కారం పెట్టాడు.

నిన్ను ఏడిపించడానికి నా దగ్గర బోలెడు సరుకు ఉంది. ఈ రోజు ఒక్కటి కూడా బయటికి రావడం లేదు. థాంక్సని రాద్దామంటే, సొంత మరదలికి అదేం మాటని సిగ్గేస్తోంది. నువ్వు లేకపోతే నేను ఇంటికి వచ్చి ఉండేవాణ్ణి, తలెత్తకుండా. అంతకన్నా ఎలా చెప్పాలో తెలీదు.

నిన్న హుకుం వచ్చింది. పాత అక్షరాలు ఎక్కడికక్కడ అరగదీసి, ఆ చోట ఎర్ర గుంట కొట్టాలి. ఆయుధశాల నాది కనక పని నాదే. పొద్దున ఆకురాయి తీసుకుని కూర్చున్నాను. మొదటి దానికి భూతద్దం పెట్టి చూశాను. ఇన్ని రోజులూ తిట్టుకోవడమే గానీ సరిగ్గా చూసింది లేదు. గోరంత చోట్లో 'వే' మీద ఏత్వం ఎంత శ్రద్ధగా వంచావు! 'తీ' గుడిదీర్ఘం చివర సన్నగా, వెంట్రుక మందాన తేల్చి వదిలేశావు. ఒక్కో తుపాకీకి ఒక్కోసారి, నలభైసార్లు, ఎక్కడా చెయ్యి వణకలేదు. రెండుసార్లు ఆకురాయి ఆనించి తీసేశాను. బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. వచ్చి పని మొదలుపెట్టాను.

సాయంత్రానికి నలభైకి నలభై అయిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. వాటిని చివరిసారి చూసింది నేనే కనక నేనే చెప్పాలి. చాలా అందమైన అక్షరాలు మరదలా.

నీ బావ